తెల్ల వైరుకు నల్ల టేపు

సైమా కెస్తికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని పెల్టోలా ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. మంచు తీసే బండి ఆమె వాకిట్లో గుట్ట వదిలిపోతే కోపం. కాఫీ పల్చగా ఉంటే కోపం. పనికి వెళ్ళి తలుపు కొడితే, తీసినవాళ్ళు ఆమె భుజం మీంచి వెనక్కి తొంగిచూసి "ఎలక్ట్రీషియన్ ఎప్పుడొస్తాడమ్మా?" అంటే మరీ కోపం. నలభై ఎనిమిదేళ్ళు ఆ మాట విని విని, చివరికి తన వ్యాను మీద "వచ్చింది నేనే" అని పెద్ద అక్షరాలతో రాయించుకుంది. అరవై ఆరేళ్ళు వచ్చి పని మానేసినా ఆ అక్షరాలు చెరపలేదు.

అయితే ఆ ఫిబ్రవరి ఆదివారం చర్చి కింది గదిలో వచ్చింది మామూలు కోపం కాదు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు అక్కడున్న నలభై మందీ చూశారు.

ప్రార్థన అయ్యాక అందరూ కాఫీలు పోసుకుని, యాలకుల రొట్టె ముక్కలు పళ్ళేల్లో పెట్టుకుని కూర్చున్నారు. బడి కమిటీ పెద్ద లేచి, పిల్లలకు కరెంటు పని నేర్పడానికి కొత్తగా కట్టిన గదికి ఆర్వో కెస్తి పేరు పెట్టబోతున్నామని చెప్పాడు. ఆర్వో అంటే సైమా తండ్రి. ఆ చుట్టుపక్కల గని కార్మికుల ఇళ్ళల్లో సగానికి దీపాలు వెలిగించిన మనిషి. పోయి ఇరవై రెండేళ్ళయింది. ఈ మాట బయటికి రావడం కోసం సైమా రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుందామని రొట్టె కోసే వంకతో తల వంచుకుంది కూడా.

అప్పుడు లేచాడు టౌనో మాటిలా. ముప్ఫయ్యేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, గొంతు ఇంకా బస్సు చివరి సీటుదాకా వినపడుతుంది.

"ఆ పేరు పెట్టేముందు మా ఆవిడ చెయ్యి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం."

అందరూ హెల్మీ వైపు తిరిగారు. హెల్మీ కట్టుకట్టిన కుడిచేతిని బల్లకిందికి దించుకుంది.

"నేనేం తెలివితక్కువవాణ్ణి కాను," అన్నాడు టౌనో. "మొన్న సేల్లో సగం ఊరు కొన్న దీపమే నేనూ కొన్నాను, మా సౌనా ఆవిరిగదిలో పెడదామని. దాంతోపాటు వచ్చిన కాగితంలో బొమ్మేసి మరీ ఉంది. నల్లదానికి నల్లది, తెల్లదానికి తెల్లది. తీరా పైన వైర్లు కలిసే డబ్బా విప్పి చూద్దును కదా, ఆర్వో మహానుభావుడు తెల్ల వైరు తీసుకెళ్ళి నల్లదానితో ముడేశాడు! నిచ్చెన ఎక్కేముందు ఎంత తాగాడో ఏమో. నేను విప్పి సరిగ్గా కలిపాను. అయినా ఆయన చేసిన కంగాళీకి మా ఆవిడ చెయ్యి కాలింది. అట్లాంటివాడి పేరు పిల్లలు నేర్చుకునే గదికా?"

సైమా రొట్టె కోసే కత్తి బల్లమీద పెట్టింది. పెట్టడమంటే, దాని చప్పుడుకి పక్కావిడ కాఫీ ఒలికింది.

"తాగాడా? మా నాన్నా? ఇంకోసారి అను టౌనో. నా మొహం చూసి అను."

"తాగకపోతే తెల్లదాన్ని నల్లదానికి కడతాడా ఎవడైనా?"

"కడతాడు! పని తెలిసిన ప్రతివాడూ కడతాడు! మన ఇళ్ళల్లో కరెంటు ముందు పైన దీపం దగ్గరికొస్తుంది. అక్కణ్ణుంచి స్విచ్చుకి దిగి, మళ్ళీ దీపానికి ఎక్కుతుంది. దిగడానికొకటి, ఎక్కడానికొకటి కావాలి కదా? ఆ కేబుల్లో ఉండేవి ఒక తెల్లది, ఒక నల్లది. తెల్లది దించుతుంది, నల్లది పైకి తెస్తుంది. అందుకని పైన ఆ తెల్లదాన్ని కరెంటు మోసుకొచ్చే నల్లదానికి కలపాలి. మామూలుగా తెల్లదాంట్లో కరెంటు తిరిగెళ్తుంది; ఆ ఒక్కచోట మాత్రం తెల్లది తెల్లది కాదు, కరెంటు తెచ్చేదే. నువ్వు తెల్లవన్నీ ఒక కట్ట, నల్లవన్నీ ఒక కట్ట కట్టావు. ఇంకేముంది! స్విచ్చు వెయ్యగానే కరెంటు తన్నుకుని బ్రేకరు పడిపోయింది. చేసింది నువ్వు, పేరు మా నాన్నకా?"

"అయితే అది తెల్లది కాదని నాకెట్లా తెలియాలి? నుదుటిమీద రాసుందా?"

"రాసుంటుంది. నల్ల టేపు చుట్టి ఉంటుంది. మా నాన్న చుట్టకుండా వదిలిన తెల్ల వైరు ఈ జిల్లాలోనే లేదు."

"టేపూ లేదు గీపూ లేదు."

"ఉంది. మురిగ్గా ఉందని పీకేసి ఉంటావు. నీ సంగతి నాకు తెలీదా? ఆ బొమ్మలో టేపు లేదు కాబట్టి పీకేసి ఉంటావు."

"అబద్ధాలాడ్డానికి నాకేం ఖర్మ?"

"చెయ్యి కాలింది కాబట్టి! స్విచ్చు వేసింది నువ్వు కాబట్టి!"

టౌనో మొహం మాడిపోయింది. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. కమిటీ పెద్ద గొంతు సవరించుకుని, "పేరు సంగతి ఒక వారం ఆగి చూద్దాం," అన్నాడు.

ఆగి చూద్దామా! బతికినన్నాళ్ళు ఆర్వో చేసిన పనిని ఎవరూ ఆగి చూడలేదు. గడ్డకట్టే చలిలో కరెంటు పోయిందని కబురు పెడితే ఆయనా ఆగి చూడలేదు. సైమా పళ్ళు నూరుకుంటూ కోటు తొడుక్కుంది.

"బుధవారం మధ్యాహ్నం వస్తున్నా టౌనో. నేనొచ్చేదాకా ఆ డబ్బా జోలికి వెళ్ళావో, చేతులు విరిచేస్తాను."

అసలు జరిగింది చెప్పాలంటే చిన్నదే. మూడు వారాల కిందట శనివారం. శనివారమంటే పెల్టోలాలో ప్రతి పెరట్లోనూ సౌనా గొట్టంలోంచి పొగ వస్తుంది, పొయ్యిమీద రాళ్ళు కాగుతాయి, చలికి బిగుసుకుపోయిన ఒళ్ళు ఆవిరికి వదులవుతుంది. టౌనో పొద్దున కూర్చుని ఆవిరిగది దీపం మార్చాడు. బ్రేకరు ఎత్తగానే దీపం వెలిగింది. "చూశావా, ఎలక్ట్రీషియనెందుకు దండగ?" అని మీసం దువ్వుకున్నాడు. స్విచ్చు వెయ్యకుండానే ఎందుకు వెలిగిందని ఆయనకి అనుమానం రాలేదు. సాయంత్రం హెల్మీ లోపలికెళ్ళి పై మెట్టుమీద కూర్చుంది. రాళ్ళమీద నీళ్ళు పోద్దామని గరిటె పట్టుకుని లేచింది. బయట గదిలో బట్టలు విప్పుతున్న టౌనో కంటికి స్విచ్చు కిందికి వాలి, అంటే ఆపేసి ఉన్నట్టు, కనపడింది. దీపం వెలుగుతుంటే స్విచ్చు కిందికెందుకుందని సరదాగా పైకి నొక్కాడు. టప్‌మంది. చీకటి. ఉన్న ఒక్క కిటికీనీ మంచు కప్పేసింది. లోపల డెబ్భై నాలుగేళ్ళ మనిషి తడిమెట్టు మీద కాలుజారి, పడిపోకుండా ఆసరా కోసం చెయ్యి చాచింది. చేతికి దొరికింది పొయ్యి.

ఇదీ సంగతి. ఆ తర్వాత మూడు వారాలు టౌనో ఊళ్ళో కనపడ్డవాడికల్లా ఆర్వో కెస్తి పేరు చెప్పుకుంటూ తిరిగాడు.

సోమవారం, మంగళవారం సైమా నిద్ర సరిగ్గా పోలేదు. వంటింట్లో కూర్చుని, లేని టౌనోతో గట్టిగా వాదించింది. తండ్రి చేతికి గాజులా ఎప్పుడూ ఒక నల్ల టేపు చుట్ట ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తియ్యకపోతే అమ్మ తిట్టేది. ఆ రోజుల్లో రూల్సు పుస్తకం ఆ టేపు అడగలేదు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు నవ్వి, "ఆర్వో, దీనికి నీకెవరూ మార్కులు వెయ్యరు," అన్నాడు. "నేను చుట్టేది మీకోసం కాదండీ," అన్నాడు ఆర్వో. "నేను పోయాక ఇదే నిచ్చెన ఎవడో ఎక్కుతాడు. వాడికి రంగు చూస్తే చాలనిపిస్తుంది. వాడికోసం."

ఆర్వోకి మగపిల్లలు లేరు. సైమాకి పదిహేడేళ్ళప్పుడు బడి అయిపోగానే, "నువ్వొస్తావా?" అన్నాడు. అంతే, అంతకంటే పెద్ద పిలుపు ఆయన నోట రాదు. సైమా వెళ్ళింది. అదే వేసవిలో ఆయన దగ్గర విల్హో అని చుట్టాలబ్బాయి ఇంకొకడు పనికుండేవాడు. ఒట్టి సోమరి. నిచ్చెనమీద కంటే నిచ్చెన నీడలో ఎక్కువ ఉండేవాడు. "ఆడపిల్ల కరెంటు పనేంటి?" అని ఎక్కడికెళ్ళినా నవ్వే మగవాళ్ళలో మొదటివాడు వాడే. ఇంట్లోవాళ్ళు వింటుండగా, "బాబాయ్, ఈ అమ్మాయి చేసింది మళ్ళీ నేను చూస్తాలే," అనేవాడు. దాంతో సైమా కసిగా పనిచేసేది. వాడు ఒక డబ్బా బిగించేలోపల తను మూడు బిగించేది. వాడి నోరు మూయించడానికి అదొక్కటే దారనుకునేది.

వాడిప్పుడు లేడు, పోయాడు. అయినా వాణ్ణి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బుధవారం మధ్యాహ్నం సైమా వ్యాను టౌనో వాకిట్లో ఆగింది. తలుపు తీసింది హెల్మీ. ఎడంచేత్తో గొళ్ళెం తియ్యడానికి ఆమెకి కాస్త సేపు పట్టింది.

"ఏడీ మీ ఆయన?"

"సౌనాలో ఉన్నాడు. కాఫీ పెట్టనా సైమా?"

"కాఫీ తర్వాత. ముందు మా నాన్న సంగతి తేలాలి," అని సైమా పనిపెట్టె చంకన పెట్టుకుని, వంటింట్లోంచి పెరటి తలుపు గుండా గబగబా వెళ్ళిపోయింది. హెల్మీ చాలాసేపు ఆ తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత శాలువా కప్పుకుని వెనకాలే వచ్చింది.

టౌనో చేతులు కట్టుకుని గోడకానుకుని ఉన్నాడు. "ముట్టుకోలేదు తల్లీ, నీ డబ్బా నీకోసం అట్లాగే ఉంది."

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకో."

బ్రేకరు దించి ఉందో లేదో తనే వెళ్ళి చూసింది. తర్వాత మీటరు పెట్టి మళ్ళీ చూసింది. అప్పుడు గానీ పైకి ఎక్కలేదు. కొత్త దీపం దింపింది. డబ్బాలో అనుకున్నట్టే రెండు కట్టలున్నాయి, మూడు తెల్లవి ఒకటి, మూడు నల్లవి ఒకటి. మూడేళ్ళ పిల్లాడు రంగులు చూసి ఏరిపెట్టినట్టు ఉంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందయ్యా."

"టేపుందా లేదా? అది చెప్పు."

తెల్లవాటి కట్టకి బిగించిన ప్లాస్టిక్ టోపీ విప్పింది. స్విచ్చు వైపు పోయే కేబులేదో చూసుకుని, దాని తెల్ల వైరు వేళ్ళమధ్య పట్టుకుని లైటు దగ్గరికి తెచ్చింది. టేపు లేదు. లేకపోవడం సరే, పీకేసి ఉంటాడు. యాభై ఏళ్ళు చుట్టి ఉన్న టేపు పీకితే కింద జిగురు మిగులుతుంది. ఆ మేర వైరు పసుపెక్కకుండా కొత్తదానిలా తెల్లగా ఉంటుంది. అది చూపించి టౌనో మొహాన కొడదామని ఆమె మూడు రోజులుగా కాచుకుని ఉంది.

జిగురు లేదు. తెల్లటి మేర లేదు. వైరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే తీరున ముసలి పళ్ళలా పసుపెక్కి ఉంది. సైమా గోటితో గీకి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూసింది. దానికి టేపు ఏనాడూ తగల్లేదు.

"ఏమైంది? మాట పడిపోయిందా?" అన్నాడు కిందనుంచి టౌనో.

నాన్న మర్చిపోయాడా? ఆయనా? అన్నం ముందు కూడా టేపు తియ్యని మనిషా? కాదు. ఆయన కాదు. మరి? చటుక్కున వెలిగింది. విల్హో! వాడే, ఇంకెవడు? ఆ సోమరివెధవ కాక ఇంకెవడు చేస్తాడు ఇట్లాంటి పని? సోమరితనం వాడిది, మాట పడేది నాన్న. చచ్చికూడా సాధిస్తున్నాడు.

"ఇది మా నాన్న చేసింది కాదు," అంది పైనుంచే. "ఇది విల్హోగాడి పని. రుజువు చూపిస్తా ఉండు. మా నాన్న దగ్గర ఎవరు ఏ డబ్బా బిగిస్తే వాళ్ళు పక్కన దూలమ్మీద పెన్సిలుతో పేరు రాయాలి, అది ఆయన కట్టడి. అటక తలుపెక్కడ?"

"బయటగదిలో పైన. పేరుంటే మాత్రం? మనిషి ఆర్వో మనిషేగా?"

"పేరుంటే నీ నోటికి తాళం పడుతుంది. పద."

నిచ్చెన బయటగదికి మార్చారు. అటక తలుపు బిగుసుకుపోయి ఉంది. సైమా భుజంతో గుద్ది తెరిచింది. చలి మొహాన కొట్టింది. మోకాళ్ళ నొప్పులు పట్టించుకోకుండా, దూలాలమీద పాకుతూ ఆవిరిగది పైకి వెళ్ళింది. చలి ఆగడానికి పరిచిన రంపపు పొట్టు చేత్తో పక్కకి తోసింది. డబ్బా కనపడింది. దాని పక్క దూలం మీద దుమ్ము తుడిచి టార్చి వేసింది.

వడ్రంగి పెన్సిలు లావుగా, నల్లగా, నిన్న రాసినట్టుంది.

సైమా. జూలై 1971.

దానికింద ఆర్వో చేతిరాతలో ఆయన పేరు మొదటి అక్షరం ఒక్కటే, 'ఆ'. చూశాను అని ఆ అక్షరానికి అర్థం.

ఆమె అక్కడే బోర్లా పడుకుని ఉండిపోయింది. రంపపు పొట్టు ముక్కులోకి పోతున్నా కదల్లేదు. ఆ వేసవి మొత్తం ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. వాడు ఒక డబ్బా చేసేలోపల తను మూడు. ఒక్కో డబ్బాకి టేపు చుట్టడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషాలన్నీ ఎటు పోయాయో ఇప్పుడు తెలిసింది. నాన్న అక్షరం రాశాడు గానీ డబ్బా విప్పి చూడలేదు. విల్హో చేసినవి ప్రతిదీ విప్పి చూసేవాడు. "నాదెందుకు చూడరు?" అని ఆమె ఒకసారి అడిగింది. "నువ్వు చేశావుగా," అన్నాడు. ఆ మాట ఆమె యాభై ఏళ్ళుగా పతకంలా దాచుకుంది.

"ఉందా? ఏముంది?" టౌనో గొంతు కిందనుంచి వచ్చింది. "విల్హోనేనా?"

పెన్సిలు రాత. బొటనవేలు తడిచేసి రుద్దితే పోతుంది. విల్హోకి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, వచ్చి అడిగేవాడు లేడు. విల్హో అని ఒక్క మాట అంటే చాలు. నాన్న పేరు గదిమీదికెక్కుతుంది, తన పేరు తనకుంటుంది, టౌనో నోరు మూతపడుతుంది. నిజం చెప్పాలంటే ఆమె బొటనవేలు తడిచేసింది కూడా. దూలం దాకా తీసుకెళ్ళింది. నాన్నలాగే తనూ చేతికి తొడుక్కున్న టేపు చుట్ట దూలానికి తగిలి చప్పుడైంది. నా పనిని మళ్ళీ చూస్తానన్నాడని వాడిమీద ఇన్నేళ్ళు మండిపడ్డాను కదా, చూడనిచ్చి ఉంటే! ఇప్పుడు వాడి నెత్తిన ఇది కూడా రుద్దనా? ఛీ, ఇదేం బతుకు! తనమీద తనకే వచ్చిన అసహ్యానికి ఆ వేలు కోటుకి గట్టిగా తుడుచుకుంది.

"టౌనో, పైకి రా," అంది.

"నేనెందుకు? నువ్వే చదువు."

"నేను చదివితే నమ్మవు. రా అంటున్నా కదా!"

టౌనో రొప్పుకుంటూ ఎక్కి, తల లోపలికి పెట్టి, టార్చి వెలుతురులో చూశాడు. పెదవులు కదిలాయి. ఇంకోసారి చదివాడు. మొహం మొహమంతా నవ్వయింది.

"ఓహోహో! నువ్వా! అమ్మ సైమా! నువ్వా! మొన్న చర్చిలో కత్తి విసిరి, అబద్ధాలకోరు అన్నావే నన్ను? చేతులు విరుస్తానన్నావే? ఆదివారం చెప్తానుండు, అందరిముందూ చెప్తాను..."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నేనే చెప్తాను."

"నువ్వు చెప్పినా నేనూ చెప్తాను! మూడు వారాలుగా నా పెళ్ళాం చెయ్యి నేనే కాల్చినట్టు ఊరంతా నన్ను..."

"ఆపండి!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కింద గుమ్మంలో హెల్మీ నిలబడి ఉంది. హెల్మీ గొంతు పెంచగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు, యాభై రెండేళ్ళు కాపురం చేసిన టౌనో కూడా వినలేదు.

"దిగండి ఇద్దరూ. దిగండంటున్నా!"

దిగారు. టౌనో ముందు, సైమా వెనక, తలనిండా రంపపు పొట్టుతో.

"ఆర్వో చేశాడా, విల్హో చేశాడా, సైమా చేసిందా, టౌనో చేశాడా," అంది హెల్మీ. "మూడు వారాలు! మూడు వారాలుగా పోయినవాళ్ళ పేర్లమీద కొట్టుకు చస్తున్నారు. నువ్వు, ఊరంతా తిరిగి నా చేతిని చూపిస్తావు. ఇంటికొచ్చి ఈ చేతికి కట్టు మార్చావా ఒక్కరోజు? నర్సు వచ్చి మారుస్తోంది. నువ్వు సైమా, చిన్నప్పట్నుంచి ఎరిగినదానివి, ఇందాక ఈ తలుపు తీసింది ఈ చేతుల్తోనే. నొప్పిగా ఉందా అని అడిగావా? మొహమైనా చూశావా? రెండు వేళ్ళు ముడుచుకోవు ఇంక, డాక్టరు చెప్పాడు. అల్లిక సూది పట్టుకోలేను. మీ ఇద్దరికీ తెలుసా ఆ సంగతి?"

టౌనోకి తెలుసు. తెలిసి ఎవరికీ చెప్పలేదు. నేలచూపులు చూశాడు. సైమాకి తెలియదు, ఎందుకంటే అడగలేదు. ఎంతోమందిమీద ఎన్నోసార్లు అరిచిన మనిషికి ఆ రోజు తల కొట్టేసినట్టయింది.

"ఎంత... ఎంత నొప్పిగా ఉంది హెల్మీ?"

"ఇప్పుడడుగుతున్నావు," అంది హెల్మీ. క్షమించానని అనలేదు. "ముందు ఆ పనేదో పూర్తిచెయ్యి. చీకట్లో నేను మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టను."

సైమా మళ్ళీ ఎక్కింది. కట్టలు రెండూ విప్పింది. స్విచ్చుకి దిగే తెల్ల వైరు పట్టుకుని, చేతికున్న చుట్టలోంచి టేపు లాగి ఒకటి, రెండు, మూడు చుట్లు చుట్టింది. అర నిమిషం కూడా పట్టలేదు. దాన్ని కరెంటు తెచ్చే నల్లదానితో కలిపింది, మిగతావి వాటి వాటి చోట్ల కలిపింది, దీపం బిగించింది. స్విచ్చు వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. టౌనో పక్కన నిలబడి చూశాడు.

వంటింట్లోకి వచ్చాక హెల్మీ ఎడంచేత్తో కాఫీ పెట్టబోయింది. టౌనో లేచి ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. సైమా కూర్చోలేదు. ఆ వేసవిలో తను బిగించిన సౌనాలు ఎన్ని? వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోంది. ఈ ఇల్లు కాక ఇంకా ఎనిమిది. అందులో రెండు కూలిపోయాయి. మిగతా ఆరింట్లో ఎంతమంది ఆ సేల్లో దీపాలు కొన్నారో! ఎంతమంది చేతిలో ఇప్పుడు ఆ బొమ్మ కాగితం ఉందో!

"హెల్మీ, నీ ఫోను వాడుకోనా? నాదిక్కడ పలకదు."

"ఎవరికి?"

"అందరికీ."

హెల్మీ గోడమీది ఫోను చూపించి, పక్కనున్న నంబర్ల కాగితం తనే ముందుకు లాగింది. సైమా చెప్పిన పేరు వెతికి, కట్టులోంచి బయటికున్న వేలుతో చూపించింది. లౌరీ హక్కలా వాళ్ళది. అవతల లౌరీయే ఫోనెత్తాడు.

"లౌరీ, సైమాని. మీ సౌనా దీపం మార్చారా?"

"ఇప్పుడే మా అల్లుడు నిచ్చెన వేస్తున్నాడమ్మా. కాగితం ప్రకారం రంగులు చూసి కలిపేస్తానంటున్నాడు. ఏం?"

"దిగమను. ఈ క్షణం దిగమను. లోపల ఎవరైనా ఉంటే బయటికి రమ్మను. ఎవరికీ ఏం కాలేదు కదా? ముందది చెప్పు."

"ఏం కాలేదు. ఏంటమ్మా నీ కంగారు?" లౌరీ నవ్వాడు. "మీ నాన్న చేసిన పనేగా, ఆర్వో చేతిపనికి భయమెందుకు?"

సైమా గోడవైపు తిరిగింది. వెనకాల హెల్మీ, టౌనో ఇద్దరూ వింటున్నారు.

"మా నాన్న చెయ్యలేదు లౌరీ," అంది. "నేను చేశాను. టేపు తీసుకుని వస్తున్నా."